రోజుకో నొక్కు

"నూట ఇరవై ఏడు రోజులు. నూట ఇరవై ఏడు నొక్కులు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు," అంది లోర్నా, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా. "పళ్లు తోముకున్నట్టు రోజుకోసారి గుర్తుచేసుకున్నావన్నమాట పెళ్లాన్ని!"

లెక్క ఉన్న పెన్‌డ్రైవ్ ఆమె చేతికిచ్చిన గార్నెట్ ఇంకా బూట్లు కూడా విప్పలేదు. ఆల్బెర్టా అడవుల్లో మంటలు కనిపెట్టే కాపలా టవర్ మీద వేసవంతా ఒంటరిగా గడిపి, ఇప్పుడే ఎడ్మంటన్‌లో ఇంటికొచ్చాడు. అక్కడ ఫోను లేదు. రేడియో ఉంది గానీ, అందులో పొగ గురించి తప్ప పెళ్లాం గురించి మాట్లాడనివ్వరు. అందుకే మే నెలలో అతను బయల్దేరేముందు లోర్నా ఓ చిన్న ప్రోగ్రాం రాసి, కొత్తగా కొన్న లాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చింది. తెరిస్తే ఒక కిటికీ, అందులో ఒకే ఒక బటన్: 'గుర్తొచ్చావు'. గుర్తొచ్చినప్పుడల్లా నొక్కాలి. లెక్క మాత్రం అతనికి కనపడదు. కనపడితే అంకె కోసం నొక్కుతాడని ఆమె దాచేసింది. ప్రేమను లెక్కపెట్టబోయినవాళ్లు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు. అయినా మనుషులు మానరు.

"రోజుకొకటి కాదు లోర్నా. చాలాసార్లు నొక్కాను," అన్నాడు గార్నెట్.

"చాలా అంటే ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు. అందుకు నీ ప్రోగ్రాం ఉందిగా అనుకున్నా."

"దానికి అబద్ధాలాడ్డం రాదు. రాసింది నేను."

అతను కుర్చీ లాక్కుని కూచున్నాడు. అసలే మాటలు తక్కువ మనిషి. నాలుగు నెలలు చెట్లతో కాపరం చేశాక ఉన్న నాలుగు మాటలూ తుప్పు పట్టాయి.

"వచ్చే ఏడాదికి ఇంకాస్త పెద్ద బటన్ పెట్టివ్వు. తెరని వేలితో తాకితే చాలట, అలాంటివి కూడా ఉంటాయటగా," అన్నాడు బతిమాలుతున్నట్టు.

"ఉంటాయి. ఈ కిటికీలూ బటన్లూ చేసే పనిముట్లు బోలెడున్నాయి. వేలితో తాకడానికైతే కీవీ ఉంది. సోకులు కావాలంటే క్యూటీ ఉంది. మా ఆఫీసులో అందరూ క్యూటీతోనే చెయ్యమన్నారు. అడవిలో ఇంటర్నెట్ ఉండదు, ఏదైనా పాడైతే మళ్లీ ఎక్కించుకోలేవని, పైథాన్ భాషతోపాటే వచ్చే టికింటర్‌తో రాశాన్నేను. చూడ్డానికి బూడిదరంగు డబ్బాలా ఉంటుంది గానీ మొరాయించదు. మౌస్ పట్టుకోవడం నీకు చేతకాదని స్పేస్ కీ నొక్కితే చాలనేలా పెట్టాను. కళ్లజోడు లేకపోయినా ఏ కీయో తెలియాలని, దాని మీద నా నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క కూడా పెట్టాను. మూడు పూతలు! రోజుకో నొక్కుకి ఇంత సంబరం దేనికి గార్నెట్? గోడ మీద కేలెండర్ సరిపోయేది."

తెర మీద పక్కనే ఇంకో కిటికీ తెరిచి ఉంది. అందులో ఒక ఉత్తరం. హాలిఫాక్స్‌లో ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని రాసి పెట్టుకుంది. ఇంకా పంపలేదు. సాయంత్రం ఐదింటిదాకా గడువు.

"అంత దూరం వెళ్లిపోతావా?" అన్నాడు గార్నెట్ అది చదివి.

"నువ్వు టవర్ మీద, నేను సముద్రం ఒడ్డున. ఇప్పుడు మాత్రం పెద్ద దగ్గరున్నామా ఏమిటి?"

నిజానికి ఆమెకి ఆ ఉద్యోగం మీద మోజు లేదు. వేసవంతా అతని పాత చొక్కా తలగడకి తొడిగి, దాని మీద తల పెట్టుకుని పడుకుంది. ఉతికితే అతని వాసన పోతుందని ఉతకలేదు కూడా. ఆ అంకె వెయ్యి ఉంటుందని ఆశపడింది. ఐదొందలున్నా ఉత్తరం చెరిపేద్దామనుకుంది.

"వెళ్లకు లోర్నా. నొక్కానంటే నమ్మవేం?"

"సరే. అబద్ధమాడేది నువ్వో, నా ప్రోగ్రామో ఇప్పుడే తేలిపోనీ."

తను రాసిన ప్రోగ్రాం తెరిచింది. మొత్తం పద్నాలుగు లైన్లు. తొమ్మిదో లైన్ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ఒక పేరు పక్కన జత బ్రాకెట్లు. అక్కడ ఉండకూడనివి. టికింటర్ నేర్చుకునే మొదటి వారంలో అందరూ చేసే తప్పే. బటన్ నొక్కినప్పుడు పడాల్సిన లెక్క, కిటికీ తెరుచుకోగానే ఒకసారి పడిపోతుంది. ఆ తర్వాత ఎంత నొక్కినా బటన్ దిగుతుంది, లేస్తుంది, లెక్కలో మాత్రం ఏమీ చేరదు. మేలో ఆమె ఒకసారి తెరిచి, ఒకసారి నొక్కి, ఒకటి పడిందని చూసుకుని సంతోషపడింది.

"తేలిందా?" అన్నాడు గార్నెట్.

"తేలింది. తప్పు నాదే. రోజూ పొద్దున్నే నువ్వు ఆ కిటికీ తెరిచావు, అదే ఒకటి వేసుకుంది. ఈ నూట ఇరవై ఏడులో నీ నొక్కు ఒక్కటీ లేదు. నువ్వు నొక్కావో లేదో దీనికి తెలీదు."

"నాకు తెలుసుగా."

"నాకు తెలియొద్దూ?" అని లోర్నా ఏడ్చేసింది. ఇందాకటిదాకా కనీసం రోజుకొకటైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

గార్నెట్ సంచీలోంచి లాప్‌టాప్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఛార్జింగ్ అయిపోయింది. ఇందులో ఇంకేమైనా దొరుకుతుందేమో చూడరాదూ?"

"ఏం దొరుకుతుంది? ఉన్న ఒక్క అంకే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చావుగా," అంటూ కళ్లు తుడుచుకుని, ఊరికే మూత ఎత్తింది.

మిగతా కీలన్నీ కొన్ననాటిలాగే ఉన్నాయి. స్పేస్ కీ మీద మాత్రం మూడు పూతల ఎర్రచుక్క ఆనవాలైనా లేదు, దాని చోట ప్లాస్టిక్ అరిగి అరిగి బొటనవేలంత పల్లం పడింది.