పడినవారి రిజిస్టరు

"అరబస్తా సిమెంటు, ఒక మేస్త్రీ, ఒక్క పూట పని. అంతకుమించి ఏమీ వద్దు సార్," అంది లెక్చరర్.

కమిటీ చైర్మన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఇది విశ్వవిద్యాలయమమ్మా. ఇక్కడ దేనికైనా రుజువు కావాలి."

సైన్సు భవనం మెట్లలో ఏడోది మిగతావాటికన్నా రెండంగుళాలు ఎత్తు. ఎక్కేవాళ్లకు కాలు తగులుతుంది, దిగేవాళ్లకు కాలు అందదు. వారానికి ఒకరైనా బోర్లా పడుతున్నారు. కట్టినవాడు పోయాడు, కట్టించినవాడు రిటైరయ్యాడు, మెట్టు మాత్రం ఇంకా పదవిలోనే ఉంది.

"మా ల్యాబ్ అటెండరు పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కుంటివాడివి, మెట్లెక్కి ఏం పని చేస్తావని మీరే తీసేశారు. ఇంకేం రుజువు కావాలి?"

"మెట్టుదేం తప్పండీ?" అన్నాడు పక్కనున్న ఇంజినీరు. "జనం కళ్లు నెత్తిమీద పెట్టుకుని నడుస్తుంటేనూ."

అందరూ నవ్వారు. వాళ్లలో ఒక్కరూ ఆ మెట్లెక్కి ఎరగరు.

"మరమ్మతుకు డబ్బుల్లేవు, పరిశోధనకున్నాయి," అన్నాడు చైర్మన్. "ఆ మెట్టు మీద ఒక ప్రాజెక్టు రాసుకురండి."

"గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు సార్?"

"గొడ్డలికైతేనే గ్రాంటొస్తుందమ్మా."

చేసేదిలేక ఆమె ఇరవై రెండు పేజీల ప్రతిపాదన రాసింది. రెండంగుళాల గురించి ఇరవై రెండు పేజీలు రాయడానికి సిగ్గేసింది కూడా. కమిటీ మురిసిపోయి మంజూరు చేసింది. నాలుగు నెలల్లో పదిహేను మంది పడినట్టు తేలితే మెట్లు కొత్తగా కట్టిస్తారు. పరిశోధకురాలు మాత్రం ఆ నాలుగు నెలలూ మెట్ల దరిదాపులకు రాకూడదు, రిజిస్టరు ముట్టుకోకూడదు. ఫలితాల్లో ఆమె చెయ్యి ఉందన్న మాట రాకూడదట.

ఆమె పట్టుబట్టి సాధించుకున్నది ఒకటే. మెట్ల దగ్గర పరిశీలకుడి ఉద్యోగం అటెండరుకు ఇప్పించింది.

"కూర్చుని చేసే పనే బాబాయ్," అని మెట్ల కింద స్టూలు వేసి రిజిస్టరు చేతికిచ్చింది. "ఎవరు పడితే వాళ్ల పేరు, టైము, తగిలిన దెబ్బ రాయి. ఎవరూ పడని రోజు తేదీ వేసి సంతకం పెట్టు. ఇది సరిగ్గా జరిగితే మెట్టూ బాగవుతుంది, నిన్ను పర్మనెంటు చెయ్యమనీ అడుగుతాను."

"ఆ మెట్టు సంగతి నాకంటే ఎవరికి తెలుసమ్మా," అంటూ అటెండరు రిజిస్టరును గుండెకు ఆనించుకున్నాడు.

నాలుగు నెలలు ఆమె వెనకవైపు మెట్లే వాడింది. చివరిరోజు కమిటీ ముందు చైర్మన్ రిజిస్టరు తెరిచాడు. ఒక పేజీ తిప్పాడు, పది తిప్పాడు, ఆఖరిదాకా తిప్పాడు.

"ఇదేంటమ్మా? తేదీలున్నాయి, సంతకాలున్నాయి. పడినవాడు ఒక్కడూ లేడే?"

ఆమె రిజిస్టరు లాక్కున్నంత పనిచేసింది. నిజమే. పేరు రాయాల్సిన గడులన్నీ తెల్లగా ఉన్నాయి.

"నేను అప్పుడే చెప్పలేదూ," అన్నాడు ఇంజినీరు.

ఐదు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. మెట్టులో లోపం లేదు, మరమ్మతు అక్కర్లేదు, పరిశీలకుడి కొలువు నేటితో సరి. ఆర్డరు కాపీ ఆమె చేతిలోనే పెట్టారు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. వీళ్లమీద కంటే ఆ ముసలాయన మీదే ఆమెకు ఎక్కువ మండింది. ఎక్కడో చెట్టుకింద పడి నిద్రపోయి సాయంత్రానికొచ్చి సంతకాలు గీకి ఉంటాడనుకుంది.

సైన్సు భవనానికి వెళ్లేసరికి స్టూలు ఖాళీగా ఉంది. దానిమీద వేలెడు దుమ్ము పేరుకుని ఉంది. కాసేపటికి అటెండరు కర్ర పొడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రామ్మా. ఏమన్నారు కమిటీవాళ్లు?"

"ఏమంటారు? నా మొహాన ఉమ్మేయడం ఒక్కటే తక్కువ," అంది. "ఈ స్టూలు మీద ఒక్కరోజైనా కూర్చున్నావా బాబాయ్? వారానికొకరు పడే చోట నాలుగు నెలలు ఒక్కరూ పడలేదా? నమ్మి పని అప్పజెప్పినందుకు నా కొంప ముంచావు, కూర్చున్న కొమ్మ నరుక్కున్నావు. ఇదిగో ఆర్డరు. రేపటినుంచి నీకు పని లేదు, ఆ మెట్టుకు చావు లేదు."

అటెండరు కాగితం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. రెండోసారి కూడా చదివాడు. తప్పెక్కడ జరిగిందో అర్థం కాక ఆమె మొహంలోకి చూశాడు.

"పడితే రాయమన్నారు కదమ్మా," అన్నాడు. "స్టూలు మీదనుంచి చెయ్యి అందట్లేదని రోజంతా ఆ మెట్టు పక్కనే నిలబడ్డాను, ఒక్కర్ని కూడా పడనివ్వలేదు."