కోతుల కావలి

అల్లుడు వియత్నాంలో కూర్చుని షేర్లు కొనాలంటే, సిద్దిపేటలో మామ కోతుల్ని తోలాలి. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. సిద్ధయ్యకు మాత్రం రాలేదు.

అల్లుడు ప్రభాకర్‌ది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు వియత్నాం చూపిస్తామని తీసుకెళ్లారు. దేశం దాటినా ప్రభాకర్‌కు షేర్ల పిచ్చి దాటలేదు. పొద్దున కొనాలి, సాయంత్రంలోగా అమ్మాలి. లేకపోతే ముద్ద దిగదు. కానీ పరాయి దేశం నుంచి తెరిస్తే ఆ షేర్ల యాప్ మొరాయిస్తుందట. అందుకని ఇంట్లో కంప్యూటర్ ఆన్‌లో పెట్టి వెళ్లాడు. అక్కడ అతను ఫోన్ మీద వేలు కదిపితే, ఇక్కడ తెర మీద బాణం కదులుతుంది. దానికి రెండు చోట్లా నెట్ ఉండాలి. అక్కడి నెట్‌కు కొత్త సిమ్ కొన్నాడు. ఇక్కడి నెట్‌కు మామను పెట్టాడు.

ఎందుకంటే నెట్ తీగ డాబాల మీదుగా వస్తుంది. ఆ వాడలో కోతులకు నెట్ తీగంటే చెరుకుగడ.

"జర పైలం మామా. నేనొచ్చేదాంక తీగ మీద కోతి కూసోవద్దు," అని మరీ మరీ చెప్పి విమానమెక్కాడు.

సిద్ధయ్యది చిన్నకోడూరు. తాటిచెట్లెక్కి బతికిన మనిషి. మోకాళ్లరిగి మోకు దించాడు గానీ, మొలలో కత్తి మాత్రం దించలేదు. అల్లుడి డాబా మీద గులేరు చేతబట్టి కూర్చున్నాడు. కోతి కనిపిస్తే గులకరాయి, కనిపించకపోతే ముంజలు. ఆ కత్తితోనే ముంజలు కొట్టి కూతురు సాత్వికకు ఇచ్చేవాడు. రోజులు బాగానే గడుస్తున్నాయి.

ఆ శుక్రవారం మంచినీళ్ల కోసం కిందికి దిగాడు. సాత్విక కంప్యూటర్ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. తెరంతా ఎర్రగా ఉంది. బాణం దానంతటదే తిరుగుతోంది.

"ఏమైంది బిడ్డా?"

"వానకాలం విత్తనాలకు పెట్టుకున్న పైసలు బాపూ. అన్నీ ఈ షేర్లల్లనే పెట్టిండు. ధర దిగినకొద్ది ఇంకిన్ని కొంటుండు. గివి పోతే దుకాణం బందే."

"వద్దని చెప్పరాదు?"

"చెప్తే ఇంటడా? ఫోనే ఎత్తుతలేడు."

సిద్ధయ్యకు షేర్లలో ఓనమాలు తెలియవు. కూతురి కళ్లలో నీళ్లు మాత్రం తెలిశాయి. గొంతు ఎండుతున్నా నీళ్లు ముట్టకుండా మళ్లీ డాబా ఎక్కాడు. కావలివాడు కావలి దగ్గరే ఉండాలి కదా.

కాసేపటికి కింద ఫోన్ మోగింది. స్పీకర్లో ప్రభాకర్ కేకలు డాబా దాకా వినిపించాయి.

"నెట్ పోయింది! మామా, తీగ చూడు!"

"తెగింది అల్లుడా," అన్నాడు సిద్ధయ్య పైనుంచే.

"కోతులేనా?"

సిద్ధయ్య పిట్టగోడ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"కోతులే అయి ఉంటయ్," అంది సాత్విక. తన ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు కలపడానికి ఉరికింది. కంగారులో పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. మళ్లీ కొట్టింది. అది కలిసేసరికి ధర పాతాళానికి దిగిపోయింది. విత్తనాల సొమ్ము సగానికి సగం కొట్టుకుపోయింది.

సిద్ధయ్య మెల్లగా దిగి వచ్చాడు. "నెట్ పోతే ఆట బంద్ కాదా బిడ్డా?"

"కాదు బాపూ. కొన్నయి కొన్నట్టే ఉంటయ్. ధర దిగుతనే ఉంటది. మనకు అమ్మరాదు, గంతే."

ఫోన్లో ప్రభాకర్ గొంతు నీరసంగా వచ్చింది. "ఆఖరికి బుద్ధొచ్చి అమ్ముదామనుకున్న మామా. బాణం 'అమ్ము' అన్నకాడికి తీసుకపోయిన. నొక్కుదునా, గప్పుడే పోయింది."

సిద్ధయ్య ఆ పూట అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు.

మర్నాడు నెట్ మనిషి వచ్చాడు. తెగిన కొసల వంక చూడకుండానే "కోతులే, కొత్తేముంది," అని అతికించి పోయాడు.

ప్రభాకర్ తిరిగొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. అయినా సంచిలోంచి మొదట తీసింది మామ మోకాళ్ల నొప్పులకు తెచ్చిన మలాము.

"దీంట్ల నీ తప్పేముంది మామా? ఎండల ఎండుకుంట కావలి కాసినవు. ఉన్నదాంతోనే సరుకు తెచ్చుకుంట. ఆ కోతుల సంగతి మాత్రం నేను చెప్త. పట్టేటోళ్లకు ఫోన్ చేసిన. బోన్లల్ల ఎత్తుకపోయి అడివిల ఇడుస్తరు."

"వద్దు అల్లుడా!" సిద్ధయ్య అడ్డం పడ్డాడు. "నోరు లేని జీవాలు. వాటి ఉసురు మనకెందుకు? నీకు దండం పెడ్త."

ప్రభాకర్ మెత్తబడ్డాడు. "చూసినవా సాత్వికా, మీ బాపు మనసు ఎంత మంచిదో."

చెప్పుతో కొట్టినా సిద్ధయ్యకు అంత నొప్పి ఉండేది కాదు. మలాము డబ్బా చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్లి అరటిపళ్ల అత్తం కొనుక్కొచ్చాడు. డాబా ఎక్కి పిట్టగోడ మీద ఒక్కొక్కటే పేర్చాడు. కోతులు దూరంగానే ఉండిపోయాయి. గులేరు దెబ్బలు తిన్నవి మరి, ఊరికే దగ్గరికి వస్తాయా? సిద్ధయ్య గులేరును గోడ అవతలికి విసిరేసి, మొలలో కత్తి తీసి కింద పెట్టి, వాటికి చేతులు జోడించాడు.

ఆ కత్తితో తనే తీగ కోస్తుంటే, చూసినవి ఆ కోతులు మాత్రమే.