రవిశంకర్ గారి గెలాక్సీ

పులివెందులలో సన్మానసభ. హాల్లో లైట్లు ఆర్పారు. తెర నిండా సుడులు తిరిగిన గెలాక్సీ ఒకటి వెలిగింది. జనం ఒక్కసారిగా "అబ్బా!" అన్నారు.

వెనక వరుసలో కూర్చున్న సుహానా తెరను చూడలేదు. మైకు పట్టుకున్న లెక్చరర్ రవిశంకర్‌నే చూస్తోంది. పక్కన తండ్రి అబ్దుల్ వాహిద్ తల వంచుకుని కూర్చున్నాడు. రానంటే ఆమే లాక్కొచ్చింది.

నాలుగేళ్ల కిందట ఆమె ప్రొద్దుటూరులో రవిశంకర్ దగ్గర చదువుకునేది. జమ్మలమడుగు దాటి గండికోట గుట్టలెక్కి, మూడు రాత్రులు చలికి వణుకుతూ ఆండ్రోమెడా గెలాక్సీని ఫొటో తీసింది. టెలిస్కోపు మోసింది వాహిదే. ఆ వెలుగు బయల్దేరి పాతిక లక్షల ఏళ్లయిందని ఆమె చెబితే, "అంత దూరం నుంచి మనకోసం వచ్చిండాదా బేటీ!" అని మురిసిపోయాడు.

చూడమని ఆమె రవిశంకర్‌కిచ్చిన ఆ ఫొటోకి జిల్లా బహుమతి వచ్చింది, అతని పేరు మీద. అడగబోయిన తండ్రీకూతుళ్లను అతను స్టాఫ్‌రూములో అందరి ముందూ నిలబెట్టాడు.

"నా ఫొటో దొంగిలించి నీ కూతురు నామీదనే నింద వేస్తాంది. చేతులు కట్టుకుని తప్పయిందని చెప్పు. లేకుంటే టీసీ ఇచ్చి పంపిస్తా."

వాహిద్ చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపాయె సార్."

ఆ తర్వాత అతను ఆకాశం వైపు తలెత్తి చూసింది లేదు.

సుహానా చదువు ముగించి అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. అణకువగా రెండేళ్లు పనిచేసింది. పోయిన నెల ల్యాబ్ కంప్యూటర్లో 'ట్రయాంగులం గెలాక్సీ' అని పేరు పెట్టి ఒక ఫొటో దాచి, వారం సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆ ఫొటో రవిశంకర్ పేరుతో పేపర్లో ఉంది. ఈ సన్మానం దానికే.

"ఇది ఆండ్రోమెడాకు పొరుగు" అంటున్నాడు రవిశంకర్. "గండికోటలో అయిదు రాత్రులు మేలుకుని తీశాను. నడుమ ఆ పసుపు కాంతి చూడండి, ముసలి నక్షత్రాలది. బాహువుల వెంట ఆ నీలం ఇప్పుడిప్పుడే పుట్టిన నక్షత్రాలది. నల్లటి చారలు ధూళిమేఘాలు. మెరిసే ఒక్కో చుక్క ఒక్కో సూర్యుడు!"

చప్పట్లు మోగిపోయాయి. సుహానా లేచింది.

"వద్దు బేటీ, పోదాం రా" వాహిద్ చెయ్యి పట్టి లాగాడు. ఆమె విడిపించుకుంది.

"సార్, ఇది మీరే తీసినారా?"

రవిశంకర్ మొహం చిట్లించాడు. "నేనే. ఏంది నీ అనుమానం?"

"ఇంతమంది ముందర ఒట్టేసి చెప్తారా?"

"మా తల్లి మీదొట్టు. టెలిస్కోపు పెట్టి నేనే తీసినా. చాలా?"

"చాలు సార్."

సుహానా తండ్రిని లేపి పక్కన నిలబెట్టుకుంది. ఫోన్లో వీడియో పెట్టి, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"అది గెలాక్సీ కాదు సార్, మా అమ్మ రొట్టెల పెనం మీద నేను వేలితో సుడి తిప్పిన జొన్నపిండి, నడుమ చిటికెడు పసుపు, చుట్టూ నీలిమందు, మీరు చెప్పిన ఆ సూర్యుళ్లన్నీ చక్కెర పలుకులు!"