గుమ్మంలో పేర్లు

మా హాల్లో గోడకి ఆత్మదర్శిని ఉంది. ఈ రోజుల్లో ఎవరింట్లో లేదు గనక! ఎదురుగా నిలబడితే చాలు, మనసు చదివేసి, మనం ఆడో మగో మరొకరో శాస్త్రీయంగా చెప్పేస్తుంది. నన్ను చూసినప్పుడల్లా మాత్రం, "ఇంకా పరిశీలిస్తున్నాం" అంటుంది.

అమ్మ రోజూ కాఫీ చేతికిచ్చి నన్ను దాని ముందుకు తోస్తుంది.

"ఏమందిరా?"

"అదే పాట."

"మెకానిక్‌ని పిలుద్దాం."

మెకానిక్ వచ్చి దాని దుమ్ము తుడిచి వెళ్లాడు. నన్నే అడిగితే పోలా అని ఎవరికీ తోచలేదు. అడిగుంటే చిటికెలో చెప్పేదాన్ని.

నిన్న అన్నయ్య పెళ్లయింది. ఇవాళ వదినతో ఇంటికొచ్చాడు. కొత్త జంట ఒకరి పేరొకరు చెప్పేదాకా ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడాలి.

"ఈ ఇంట్లో ఆడపడుచు ఎక్కడుంది? వచ్చేయండి లోపలికి" అంది పిన్ని.

నా కాళ్లు వాటంతటవే కదిలాయి. వెళ్లి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాను.

"పేర్లు చెబితేనే లోపలికి!" అన్నాను.

అమ్మ హారతి పళ్లెంతో అలాగే నిలబడిపోయింది. అన్నయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"మా పేర్లకేంగానీ, ముందు నీ పేరు చెప్పవే" అన్నాడు.

"మందాకిని."

గోడమీద ఆత్మదర్శిని గొంతు సవరించుకుంది. "ఇంకా పరిశీలిస్తున్నాం."

"నిన్నెవరడిగారు?" అని దాన్ని కసిరి, అమ్మ నావైపు తిరిగింది. "త్వరగా చెప్పించవే మందాకినీ, కర్పూరం ఆరిపోతోంది."