మద్రాసు పచ్చబొట్టు

“మిగిలింది కూడా కోసి తీసేయొచ్చు కదా డాక్టర్? ఒక్క పూటతో పీడా పోతుంది,” అంది సుధేష్ణ, మెడ మీది కుట్ల గీత తడుముకుంటూ.

డాక్టర్ హేమచంద్ తల అడ్డంగా ఊపాడు. డబ్లిన్ వచ్చి పన్నెండేళ్ళయినా ఆయన మాటలో గుంటూరు పోలేదు.

“లింఫోమా క్యాన్సర్ ఒకచోట కూర్చునే గడ్డ కాదమ్మా, కత్తితో తీసి పారేయటానికి. మెడలో గ్రంథి తీసింది జబ్బు పేరు తెలుసుకోవటానికే. సర్జన్ పని దాంతో సరి. కీమోతో చాలావరకు కరిగింది. ఛాతీలో కాస్త మిగిలినదానికి రేడియోథెరపీ. మనోళ్ళు కరెంటు పెట్టటం అంటారే, అదే. రేపు కిరణాల గురి కోసం మూడు చుక్కలు పొడుస్తారు. చీమ కుట్టినట్టుంటది, అంతే.”

పక్కనే అత్తగారు సత్యవాణి మఫ్లరు కొస నలుపుతూ కూర్చుంది. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. పిల్లలు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి పరిగెత్తే ఆవిడ, ఇవాళ ఒక్క ప్రశ్నా అడగలేదు.

డబ్లిన్ శివార్లలోని ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు చేరగానే సుధేష్ణ ఉన్ని టోపీ తీసి సోఫాలోకి విసిరింది.

“రేపు నేను వెళ్ళనత్తయ్యా.”

“అదేం మాటే?”

“జుట్టు పోయింది. నాలిక్కి రుచి పోయింది. ఇప్పుడు ఒంటి మీద చుక్కలా? మీకు మద్రాసు ఎగ్జిబిషన్‌లో పచ్చబొట్టు, నాకు డబ్లిన్ ఆసుపత్రిలో!”

సత్యవాణి పచ్చబొట్టు ఇంట్లో అందరికీ పాత వేళాకోళమే. లోకమంతా చేతి మీద పొడిపించుకుంటే ఆవిడ గుండెల మీద పొడిపించుకుంది. చూపించమంటే చూపించదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: “దేవమణి అక్కడే పొడిపించుకుంది మరి.”

కెటిల్లో నీళ్ళు మరిగాయి. సత్యవాణి టీ కలిపి కోడలి ముందు పెట్టింది.

“నాకప్పుడు పద్దెనిమిది,” అంది ఎవరూ అడక్కుండానే. “నెల్లాళ్ళున్నాం మద్రాసులో. ఆ నెలంతా అన్నం ముట్టలేదంటే నమ్ము. మా నాన్న రోజూ ఐస్‌క్రీము కొనిపెట్టేవాడు. దేవమణి నెల్లూరు పిల్ల. లైన్లో నా వెనకే నిలబడేది. ‘నీకు నొప్పి పుడితే నాకు చెప్పకు, పారిపోతా’ అనేది.”

సుధేష్ణకు నవ్వొచ్చింది. “పారిపోయిందా?”

“లేదు. సెంట్రల్ స్టేషన్లో దాని రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి గుండెల మీద చెయ్యేసి చూపించింది. మళ్ళీ కలవలేదు. ఒక్క ఉత్తరమూ లేదు. ఉందో లేదో.”

దూరంగా ఆడమ్స్‌టౌన్ స్టేషన్లో రైలు ఆగిన చప్పుడు. ఆవిడ అటే వింటూ కూర్చుంది. ఆ రైలు వచ్చినప్పుడల్లా అంతే.

“మీ చిన్ననాటి కబుర్లతో నన్ను మాయ చేయకండత్తయ్యా,” అని సుధేష్ణ ఫోను అందుకుంది. “రానని చెప్పేస్తున్నా. మా పెదనాన్నకు కరెంటు పెట్టారు, ఏడాది తిరక్కుండా పోయాడు. మా వీధిలో పున్నయ్య మాస్టారూ అంతే. కరెంటు పెట్టించుకుని మీ ఈడు దాకా బతికినవాళ్ళు ఒక్కరుంటే చూపించండి, ఇప్పుడే బ్యాగు సర్దుకుంటాను.”

సత్యవాణి లేచి వచ్చింది. కోడలి చేతిలోంచి ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. మఫ్లరు విప్పింది. స్వెటరు బొత్తాలు రెండు తీసింది. ముడతల మధ్య మూడు చుక్కలు, మధ్యన ఒకటి, అటూ ఇటూ చెరొకటి.

“పెళ్ళి చెడిపోతుందని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు. మీ మామయ్య పోయేదాకా ఆయనకూ చెప్పలేదు.”

సుధేష్ణ వేలు పట్టుకుని మధ్య చుక్క మీద ఆనించింది.

“నేను మద్రాసు ఎగ్జిబిషన్ మొహమే చూడలేదమ్మాయ్.”