పాలపిట్ట గారి పరువు

ఆ అడవిలో పాలపిట్ట గారంటే అందరికీ మహా గౌరవం. పొద్దున్నే ఆయన కంటపడితే చాలు, ఆ రోజంతా శుభమని నమ్మేవారు. అంత మంచి శకునం కాబట్టి, పిల్లలకు ఎగరడం నేర్పే పని కూడా ఆయనకే అప్పగించారు.

ఒకరోజు మిణుకు అనే గోరింక పిల్ల పాఠం నుంచి గూటికి వచ్చింది. రెక్క కింద ఈకలు పీకేసి ఉన్నాయి.

"ఆయన తొర్రలోకి పిలిచి పీకాడమ్మా. ఎవరికైనా చెబితే చంపేస్తానన్నాడు," అంది.

తల్లి గోరింక పెద్దల దగ్గరికి పరుగెత్తింది. పెద్దలు విని చాలా బాధపడ్డారు, పాలపిట్ట గారి పరువు ఏమైపోతుందోనని.

"అంతటి పెద్దాయన అలా చేస్తాడా? నీ పిల్లే ఏ ముళ్లకంపలోనో చిక్కుకుని ఉంటుంది," అంది చిలుక.

"చేశాడే అనుకుందాం," అంది కాకి. "ఈకలు మళ్లీ మొలుస్తాయి. పరువు మొలుస్తుందా? పిల్లకి నచ్చజెప్పి రేపు పాఠానికి పంపు."

తల్లి వాళ్లతో వాదించలేదు. చెట్టు చెట్టుకీ వెళ్లి తల్లులందరికీ జరిగింది చెప్పింది. వాళ్లు తమ పిల్లల రెక్కలు ఎత్తి చూసుకున్నారు. మరికొందరికీ ఈకలు లేవు. తల్లులంతా కలిసి పాలపిట్టను పొడిచి అడవి దాటించారు. శుభం వెళ్లిపోయిందని పెద్దలు సంతాపసభ పెట్టుకున్నారు.

మిణుకు చాలాకాలం గూడు దాటలేదు. తల్లి తొందరపెట్టలేదు.

"అమ్మా, నేను చెప్పగానే ఎలా నమ్మావు?" అని ఒక ఉదయం అడిగింది మిణుకు.

"నువ్వు చెప్పావు కదా," అంది తల్లి.

మిణుకు మెల్లగా పక్క కొమ్మ మీదికి ఎగిరింది.