పన్నెండు వోల్టుల పంతం

"ఆ తీగ అక్కడ కాదు, నేను చెప్పిన చోట తగిలించు," అన్నాడు ఆర్తెమియో.

జోవిటా తల ఎత్తలేదు. ఇసుక దిబ్బల కింద, బగ్గీలు నిలిపే చోట, తన కరెంటు బగ్గీ సీటు పైకెత్తి నడుం దాకా లోపలికి దూరి ఉంది.

"మీరు చెప్పిన చోట తగిలించను, మనోంగ్."

అతను డ్రైవర్ల సంఘానికి అధ్యక్షుడు, వయసులో పెద్దవాడు. కోపం వచ్చినా ఆమె నోట 'అన్నా' అన్నట్టు మనోంగ్ అనే మాటే వస్తుంది.

"నాలుగు బ్యాటరీలున్నాయి. ఒక్కోటీ పన్నెండు వోల్టులు. నీ లైట్లకి కావలసిందీ పన్నెండే. ఒకదాన్నుంచి లాగేస్తే పది నిమిషాల్లో తేలిపోయే పని."

"రోజూ ఆ ఒక్కదాన్నే పిండితే ముందు అది చస్తుంది. దాని వెనకాలే మిగతా మూడూ పోతాయి." అరచేతి మందాన ఉన్న అల్యూమినియం పెట్టె ఒకటి తీసి సీటు కింద రేకుకు బిగించింది. "నాలుగింటినీ కలిపి ఇందులోకి ఇస్తా. నలభై ఎనిమిదిని ఇదే పన్నెండుకి దించుతుంది."

చుట్టూ డ్రైవర్లు పోగయ్యారు. రోజెల్ అనే కుర్ర డ్రైవరు నోటినిండా కజ్జికాయలాంటి ఎంపనాడా నములుతూ అన్నాడు. "రైస్ కుక్కర్‌కి దీపాలు పెడుతోందర్రా. అన్నం ఉడికితే టక్కుమంటుందా, అక్కా?"

"ఉడకనీ. మొదటి ముద్ద నీకే, వేడివేడిగా."

అందరూ నవ్వారు, ఆర్తెమియో తప్ప.

ఆ దిబ్బల మీద తిరిగే పన్నెండు బగ్గీల్లో పెట్రోలు తాగనిది ఆమెదొక్కటే. పొగ లేదు, మోత లేదు. సూర్యాస్తమయం చూడవచ్చినవాళ్లంతా "ఆ చప్పుడు చేయని బండి" కావాలంటున్నారు. సంఘం పోయిన వారమే కొత్త నిబంధన పెట్టింది. సాయంత్రం నాలుగు దాటాక దిబ్బ ఎక్కాలంటే ముందు రెండు లైట్లు, వెనక రెండు, కాళ్ల దగ్గర రెండు, జెండా కర్ర మీద ఒకటి ఉండాలి. అరగంట ఆగకుండా వెలగాలి. ఆ తర్వాత పెద్ద దిబ్బ ఎక్కి చూపించాలి. గడువు ఈ రోజుతో సరి. జోవిటా బండిని తిరస్కరించినట్టు కాగితం మీద ఉండాలని ఆర్తెమియో పర్యాటక కార్యాలయం నుంచి మిస్ పాస్కువాను స్వయంగా పిలుచుకొచ్చాడు. ఆమె అట్ట మీద కాగితాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఇంత చాదస్తం ఎందుకు? ఇటివ్వు," అంటూ ఆర్తెమియో తీగ వైపు చెయ్యి చాపాడు.

జోవిటా మణికట్టు అడ్డం పెట్టింది. "చెయ్యి తీయండి. ఓడితే తాళంచెవి మీకిచ్చి రేపట్నుంచి ఇటు రాను. అంతవరకూ ఇది నా బండి."

అతను చెయ్యి తీశాడు.

ఒక్కో లైటు తీగకూ ఒక్కో ఫ్యూజు వేసింది. ఉప్పుగాలి తినెయ్యకుండా అతుకులన్నిటికీ గ్రీజు పూసింది. తీగల్ని ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి ఇనుప చట్రం వెంట కట్టుకుంటూ వెళ్లింది. మూడున్నరకు స్విచ్చి నొక్కింది.

ఆరు వెలిగాయి. ఎడమ కాలి దగ్గరది వెలగలేదు.

"అయిపోయింది. రాసుకోండి మేడమ్," అన్నాడు ఆర్తెమియో.

"రోజింకా అయిపోలేదుగా," అంది జోవిటా. నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. చెమట కళ్లలోకి కారుతోంది. వేళ్లతో తడుముకుంటూ వెళితే, లైటు నుంచి బ్యాటరీ వైపు తిరిగివెళ్లే తీగ మర దగ్గర వదులుగా ఆడుతోంది. బిగించింది. ఏడోదీ వెలిగింది.

అరగంట ఎవరూ కదల్లేదు. ఆర్తెమియో గడియారం వంకా లైట్ల వంకా మార్చి మార్చి చూశాడు. ఒక్కటీ మసకబారలేదు.

మిస్ పాస్కువాను పక్కన కూర్చోబెట్టుకుని జోవిటా పెద్ద దిబ్బకు బండి తిప్పింది. సగం ఎక్కాక వెనక చక్రం కూరుకుపోయింది. కింద ఎవరో ఈల వేశారు. జోవిటా కంగారుపడలేదు. కొంచెం వెనక్కి జారనిచ్చి, ఏటవాలుగా తిప్పి, మళ్లీ ఎక్కించింది. అంచు మీద బండి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కర్ర మీది లైటు ఊగుతూ దిబ్బ అవతలికి దిగిపోయింది.

చుట్టు తిరిగి వచ్చేసరికి ఏడు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. మిస్ పాస్కువా జుట్టులోని ఇసుక దులుపుకుని, ఏడు గళ్లలో టిక్కులు పెట్టి, సంతకం చేసింది.

"సరే, పని అయిపోయింది. మిమ్మల్ని ఊళ్లో దింపుతాను," అన్నాడు ఆర్తెమియో, మొహం పక్కకు తిప్పుకుని.

"ఒక్క నిమిషం మేడమ్," అంది జోవిటా. "ఆ నిబంధనలో మొదటి వాక్యం కాస్త పైకి చదవండి."

మిస్ పాస్కువా చదివింది. "'సాయంత్రం నాలుగు దాటాక దిబ్బ ఎక్కే ప్రతి బండికీ...'"

అక్కడే ఆగి తలెత్తింది. ఎదురుగా పదకొండు పెట్రోలు బగ్గీలు. లైట్లు ఉండాల్సిన చోట కొన్నిటికి ఖాళీ గుంతలు, కొన్నిటికి పగిలిన గాజు, కొన్నిటికి అదీ లేదు. రోజెల్ నమలడం మానేశాడు.

ఆమె కొత్త కాగితం తిరగేసి, కలం మూత తీసింది.

"మనోంగ్ ఆర్తెమియో, ముందు మీ బండి లైట్లు వేయండి."